వరం ఒకరిది, బూడిద మరొకరిది
(రాబిగ్ రేవు నుండి యంత్రయుగ తత్త్వంపై ఒక విమర్శ)

సాంకేతిక విజ్ఞానం మానవజాతిని ఎక్కడికి తీసుకుపోతున్నది అనే ప్రశ్న మన సంఘాల సభలలోను, పాఠశాలల వ్యాసరచన పోటీలలోను తరచు వినబడుతూ ఉంటుంది. జవాబులు మాత్రం మూడు మూసలలో పోతపోసినట్లే ఉంటాయి. యంత్రం మనిషికి విముక్తినిస్తుందని కొందరు. యంత్రం మనిషిని మింగేస్తుందని కొందరు. యంత్రం కత్తి వంటిది, దానితో కూర తరగవచ్చు, కుత్తుక కోయవచ్చు, దోషం చేతిదే గాని కత్తిది కాదని మిగిలినవారు. మూడవ జవాబు చెప్పినవారికి బహుమతి రావడం ఆనవాయితీ.

ఈ మూడు జవాబులూ చాలవని మా అభిప్రాయం. ఎందుకు చాలవో చెప్పడానికి గాలిలో వాదించడం కంటె ఒక ఊరిని ఎదురుగా పెట్టుకొని మాట్లాడడం మేలు. ఆ ఊరు ఎర్రసముద్రపు ఒడ్డున, సౌదీ అరేబియాలో ఉన్న రాబిగ్.

మారిషస్‌లో చెరకు తోటల కూలీల సంతతివారమైన మనకు రాబిగ్‌తో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉన్నది. 1834 మొదలు 1910 దాకా నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఒప్పంద కాగితం మీద ఈ ద్వీపంలో అడుగుపెట్టారు. వారిలో మన పెద్దలు గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరును తమతో తెచ్చుకొన్నారు. ఇక్కడ తెలుగువాడిని చాలాకాలం 'కోరంగి' అనే పిలిచేవారు. 1839 నవంబరు తుఫానుకు కోరంగి దెబ్బతిన్నది. కాని తెలుగు జిల్లాల నుండి ఒప్పందం మీద సముద్రం దాటే ప్రయాణం ఆగలేదు. 1973లో చమురు ధర పెరిగిన తరువాత ఆ ప్రయాణం గల్ఫ్ వైపు తిరిగింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమ ప్రాంతాల నుండి లక్షలాది మంది అటు వెళ్ళారు, ఇప్పటికీ వెళుతున్నారు. మన ముత్తాతలు చెరకు గానుగకు వెళ్ళారు. వారి అన్నదమ్ముల మునిమనుమలు చమురు గానుగకు వెళుతున్నారు. ఈ రెండు గానుగలను పక్కపక్కన పెట్టి చూడగలిగిన చూపు, బహుశా, మన వంటి వారికే ఉంటుంది.

ఊరి ముఖచిత్రం

రాబిగ్ జెద్దాకు ఉత్తరంగా సుమారు 150 కిలోమీటర్ల దూరాన ఉన్నది. శతాబ్దాలుగా ఆ ఊరికి ఒక పవిత్రమైన పని ఉన్నది. ఈజిప్టు, సిరియా దారుల వెంట మక్కాకు వచ్చే యాత్రికులు జుహ్ఫా వద్ద ఇహ్రాం ధరించాలి. జుహ్ఫా పాడుపడిన తరువాత సమీపంలోని రాబిగ్ వద్ద ధరించడం అలవాటయింది. కుట్టు లేని రెండు తెల్లని బట్టలు కట్టుకొన్న తరువాత పురుషులలో రాజెవరో కూలీ ఎవరో పోల్చుకోలేము. మనుషుల మధ్య అంతస్తులను కాసేపు తుడిచివేసే చోటు అది.

అక్కడే ఇప్పుడు ఏమేమి ఉన్నాయో చూడండి. సౌదీ అరామ్కో, జపానుకు చెందిన సుమిటోమో కెమికల్ కలిసి 2005లో స్థాపించిన పెట్రో రాబిగ్ సంస్థ 2009 నుండి అక్కడ చమురు శుద్ధిని, రసాయనాల తయారీని ఒకే ఆవరణలో సాగిస్తున్నది. దాని శుద్ధి సామర్థ్యం రోజుకు 4 లక్షల పీపాలు. పక్కనే విద్యుత్ కేంద్రాలు. మరొక పక్క సముద్రపు నీటిని సన్నని పొరల గుండా ఒత్తిడితో పంపి మంచినీరు చేసే కర్మాగారం, రోజుకు 6 లక్షల ఘనపు మీటర్ల సామర్థ్యంతో. ఊరికి దక్షిణంగా 2005లో ప్రకటించిన కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీ. దాని రేవు 2021 సంవత్సరానికి ప్రపంచ బ్యాంకు వేసిన లెక్కలో కంటెయినర్ రేవులన్నిటిలోకి సమర్థమైనదిగా మొదటి స్థానం పొందింది. 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ఆ నగరం మీదుగా మక్కా మదీనాల మధ్య పరుగులు పెడుతున్నది. ఇంకొంచెం దక్షిణాన తువల్‌లో 2009లో తెరచిన విశ్వవిద్యాలయంలో షాహీన్ అనే మహా కంప్యూటరు ఉన్నది. 2023లో అదే ఆర్థిక నగరంలో విద్యుత్ కార్ల కూర్పు కర్మాగారం కూడా వచ్చింది.

చమురు, నీరు, విద్యుత్తు, రైలు, రేవు, కంప్యూటరు. యంత్రయుగం తన సంతానాన్నంతా ఒక్క తీరాన కూర్చోబెట్టి ఫొటో తీయించుకొన్నట్లు ఉన్నది. ఇందులో మెచ్చుకోవలసినది లేదని మేము అనబోవడం లేదు. వాన చుక్క కోసం ఎదురుచూసే ఎడారిలో సముద్రాన్ని తాగే నీరుగా మార్చడం చిన్న విషయం కాదు. ఒట్టోమన్ పాలన నాటి జెద్దాలో ఆవిరితో నీరు తీసే యంత్రాన్ని ప్రజలు 'కిందాసా' అన్నారు. కండెన్సర్ అనే మాట వారి నోట అట్లా మారింది. పేరు పెట్టుకొన్నారంటే దానిని ఇంటి మనిషిలా చూసుకొన్నారన్నమాట. దాహం తీర్చిన యంత్రాన్ని నిందించే అధికారం దాహం లేనివాడికి లేదు.

కాని ప్రశంసకు కూడా హద్దు ఉండాలి. కొత్త ఆర్థిక నగరంలో 20 లక్షల మంది కాపురముంటారని ప్రణాళికలో వ్రాసుకొన్నారు. 2020 నాటికి అక్కడ చేరినవారు వేలలోనే ఉన్నారు. వీధులు, దీపాలు, గొట్టాలు, కేబుళ్ళు ముందే వచ్చాయి, మనుషులు రాలేదు. మంత్రాలకు చింతకాయలు రాలవని తెలిసినవాళ్ళమే, యంత్రాలకు మాత్రం నగరాలు రాలుతాయని నమ్ముతున్నాం. యంత్రమే విముక్తి అనే మొదటి వాదానికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

భస్మాసురుడి పోలికలో ఉన్న లోపం

రెండవ వాదం వారికి, అంటే యంత్రం మనిషిని మింగేస్తుందనే వారికి, మన తెలుగు సభలలో చేతికందే ఉపమానం ఒకటి ఉన్నది. అది భస్మాసురుడి కథ. శివుడిచ్చిన వరంతో ఎవరి తల మీద చెయ్యి పెడితే వారు బూడిద అవుతారు. చివరికి మోహిని మాయలో పడి వాడు తన తల మీదే చెయ్యి పెట్టుకొంటాడు. మానవుడు కూడా తాను పొందిన విజ్ఞానమనే వరంతో తననే కాల్చుకొంటాడని ఉపన్యాసకులు ముగిస్తారు. చప్పట్లు మోగుతాయి.

ఈ పోలిక చెవికి ఇంపుగా ఉన్నది, లెక్కకు నిలవదు. భస్మాసురుడి కథలో వరం పొందినవాడూ బూడిద అయినవాడూ ఒక్కడే. అందుకే అది నీతికథ అయింది. యంత్రయుగంలో ఆ ఇద్దరూ వేరువేరు. వరం పొందిన చెయ్యి ఒక దేశంలో ఉంటుంది, అది మోపిన తల మరొక దేశంలో ఉంటుంది. 1995 జనవరిలో కోనసీమలోని పాసర్లపూడిలో చమురు బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న అదే సీమలోని నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ గ్యాసు పోయేది ఎక్కడికో దూరాన ఉన్న విద్యుత్ కేంద్రానికి. కాలింది గొట్టం పక్కన కాపురమున్నవారు. "మానవుడు తనను తాను కాల్చుకొన్నాడు" అని అక్కడ నిలబడి ఎవరైనా అనగలరా? ఏ మానవుడు, ఎవరిని?

'మానవజాతి భవిష్యత్తు' అనే మాటలోనే ఒక మోసం దాగి ఉన్నది. మానవజాతి అంతా ఒకే పడవలో ఉన్నదని ఆ మాట నమ్మిస్తుంది. మన పెద్దలు వచ్చిన పడవలో కూడా పై అంతస్తు ఉన్నది, అడుగు అంతస్తు ఉన్నది. తుఫాను రెండింటికీ ఒకటే. కాని ప్రయాణం రెండింటికీ ఒకటి కాదు.

కత్తి కాదు, గానుగ

ఇక మూడవది, బహుమతులు పొందే కత్తి వాదం. దీనికి జవాబు మన చెరకు తోటలలోనే ఉన్నది.

కత్తిని క్రింద పెడితే ఊరుకుంటుంది. గానుగ ఊరుకోదు. నరికిన చెరకును ఒకటి రెండు రోజుల లోపల ఆడించకపోతే అందులోని చక్కెర తగ్గిపోతుంది. కాబట్టి గానుగ తిరిగేటంత కాలం చెరకు రావాలి. చెరకు రావాలంటే మనిషి పొలంలో ఉండాలి. జ్వరం వచ్చినా, ఇంట్లో చావు పుట్టుకలున్నా ఉండాలి. మన పెద్దలను పీడించిన 'డబుల్ కట్' శిక్ష, అంటే ఒకరోజు రాకపోతే రెండు రోజుల కూలి కోసివేయడం, దొరల దుర్మార్గం ఒక్కటే కాదు. ఆ ఆవిరి గానుగకు కావలసిన కాలక్రమాన్ని మనుషుల ఒంటికి కట్టిన తాడు అది. దొర మంచివాడైతే తాడు కొంచెం వదులయ్యేది, తెగేది కాదు. యంత్రం తనతోపాటు ఒక వ్యవస్థను కోరుకుంటుంది. ఎవరి చేతిలో ఉన్నా కొంతమందిని నిలబెడుతుంది, కొంతమందిని కూర్చోబెడుతుంది.

రాబిగ్ శుద్ధి కర్మాగారం కూడా అటువంటిదే. దాని కొలుములు రాత్రింబవళ్ళు మండాలి. మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టడం రోజుల తరబడి ఖర్చుతో, ప్రమాదంతో కూడిన పని. నీటి కర్మాగారం ఆగితే వేరొకచోట కుళాయి ఎండుతుంది. ఆగకూడని యంత్రం ఆగకూడని మనిషిని అడుగుతుంది. ఆ మనిషిని ఎంత దూరం నుండి తేవాలి, ఏ కాగితంతో కట్టిపెట్టాలి అనే ఆలోచన యంత్రంతోపాటే పుడుతుంది.

ఇంకొక చిన్న విషయం గమనించండి. ఇటువంటి కర్మాగారాలలో నియంత్రణ గదులను చల్లగా ఉంచుతారు. కంప్యూటర్లకు వేడి పడదని అందరికీ తెలుసు, ఎవరూ వాదించరు. మనిషికి వేడి పడదని మాత్రం చట్టం వ్రాయవలసి వచ్చింది. సౌదీ అరేబియాలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదని నిబంధన ఉన్నది. మంచి నిబంధనే. కాని చల్లదనం యంత్రానికి కొలతలలో దక్కింది, మనిషికి ఉత్తర్వులో దక్కింది. ఉత్తర్వును అమలుచేయడానికి ఒక తనిఖీ అధికారి రావాలి. యంత్రానికి ఎవరూ రానక్కరలేదు, వేడెక్కితే అదే ఆగిపోయి తన హక్కు నిలబెట్టుకుంటుంది.

తత్త్వవేత్తలు ఏమన్నారు

ఈ విషయమై పాశ్చాత్య తత్త్వవేత్తలు చాలా వ్రాశారు. జర్మనీకి చెందిన హైడెగ్గర్ 1953లో చేసిన ఉపన్యాసంలో, ఆధునిక యంత్రవిద్య ప్రకృతినంతా వాడకానికి సిద్ధంగా ఉంచిన నిలవ సరుకుగా చూడడం నేర్పుతుందన్నాడు. రైన్ నది మీది విద్యుత్ కేంద్రాన్ని ఉదాహరణగా చూపాడు. నది నదిగా ఉండడం మాని విద్యుత్తుకు సరఫరాదారు అయిందన్నాడు. ఆ మాటలో లోతు ఉన్నది. ఎర్రసముద్రం రాబిగ్ గొట్టాలకు సముద్రం కాదు, ముడిసరుకు. మనిషి కూడా ఆ నిలవలో చేరిపోతాడని ఆయనే హెచ్చరించాడు. కాని ఆయన చూపు నది మీద నిలిచినంతసేపు ఆ ఆనకట్టకు రాళ్ళు మోసినవాడి మీద నిలవలేదు. 1933లో నాజీ పార్టీలో చేరిన ఆ పండితుడికి నది పోగొట్టుకొన్న గౌరవం కనిపించినంత స్పష్టంగా మనుషులు పోగొట్టుకొన్న గౌరవం కనిపించలేదనడం అన్యాయం కాదు.

ఫ్రాన్సుకు చెందిన ఎల్యుల్ 1954లో, సాంకేతిక పద్ధతి తనంత తానే పెరిగే శక్తి అయిపోయిందని, మనిషి అదుపు తప్పిందని వ్రాశాడు. ఆయన పుస్తకం చదివిన తరువాత చేతులు కట్టుకొని కూర్చోవడం తప్ప దారి కనిపించదు. అదుపు తప్పిందనేవారిని మేము అడిగేది ఒక్కటే. ఎవరి అదుపు తప్పింది? కొలువు ఇచ్చేవాడి అదుపులో ఉండి, కొలువు చేసేవాడి అదుపులో లేని దానిని 'మనిషి అదుపు తప్పింది' అనవచ్చునా?

అమెరికా రచయిత లాంగ్డన్ విన్నర్ 1980లో, వస్తువులకు రాజకీయం ఉంటుందా అని సూటిగా అడిగాడు. కాలిఫోర్నియాలో టమాటా కోసే యంత్రం వచ్చిన తరువాత 1960ల మొదట్లో నాలుగు వేలుగా ఉన్న టమాటా రైతులు 1973 నాటికి ఆరు వందలకు తగ్గారని చూపాడు. ఎవరూ కుట్ర పన్నలేదు. పెద్ద పొలానికే సరిపడే యంత్రాన్ని తయారుచేశారు, చిన్న రైతు తనంత తానే తొలగిపోయాడు. మన ద్వీపంలో చెరకు పొలాల మధ్య గుట్టలుగా పేర్చిన నల్లరాళ్ళను చూసినవారికి ఈ మాట బాగా అర్థమవుతుంది. ఆ రాళ్ళను ఏరి పేర్చినది మన పెద్దల చేతులు. తరువాత కోత యంత్రాలు తిరగడానికి చాలాచోట్ల ఆ గుట్టలను యంత్రాలే తొలగించాయి. 2001లో మొదలైన స్వచ్ఛంద విరమణ పథకంతో వేలాది మంది తోట కార్మికులు పొలం విడిచారు. చేతులు వెళ్ళాయి, చేతుల గుర్తులూ వెళ్ళాయి.

గాంధీజీని కూడా విమర్శించకుండా దాటిపోలేము. 1901లో మన ద్వీపంలో కొద్ది రోజులు ఆగిన ఆయన, 1909లో లండన్ నుండి దక్షిణాఫ్రికాకు వెళుతూ ఓడలో హింద్ స్వరాజ్ వ్రాశాడు. రైళ్ళను, మిల్లులను నిరసించిన పుస్తకం ఆవిరి ఓడ మీదే పుట్టింది. ఇది ఎత్తిపొడుపు కాదు. యంత్రం లేని చోటు వెతుక్కొని అక్కడ నుండి యంత్రాన్ని విమర్శించడం ఎవరికీ సాధ్యం కాదని చూపడానికే చెప్పాము. తరువాతి కాలంలో ఆయనే సింగర్ కుట్టుమిషన్‌ను మినహాయించాడు. ఎందుకు? దాని తొక్కుడు పలక కుట్టేవాడి కాలి క్రిందే ఉన్నది గనుక అని మేము అర్థం చేసుకొంటాము. యంత్రాన్ని ఆపే హక్కు దానితో పనిచేసేవాడి దగ్గర ఉన్నదా లేదా అన్నదే గాంధీజీ దగ్గర మనం నేర్చుకోవలసిన కొలబద్ద. రాట్నమా మిల్లా అన్న తగాదా దాని తరువాతిది.

మన సాహిత్యంలోనూ ఈ తగాదా ఉన్నది. విశ్వనాథ వేయిపడగలులో ఊరి ధర్మం చెదరడానికి కొత్త నాగరికత కారణమయింది. శ్రీశ్రీ మహాప్రస్థానంలో శ్రమ చేసే చెయ్యి కవిత్వానికి నాయకుడయింది. ఒకరు పోయినదాని కోసం దుఃఖించారు, ఒకరు రాబోయేదాని కోసం ఉవ్విళ్ళూరారు. వారిద్దరి మధ్య చోటు ఖాళీగానే ఉన్నది. ఊరూ పోయి, కొత్త లోకమూ రాక, ఒప్పంద కాగితంతో పరాయి రేవులో దిగినవాడి చోటు అది. ఆ చోటు మనది. హిందీలో అభిమన్యు అనత్ 1977లో లాల్ పసీనా నవల వ్రాసి మారిషస్ కూలీకి ఒక గొంతు ఇచ్చాడు. తెలుగులో అటువంటి ప్రయత్నం ఇంకా మన బాకీగానే ఉన్నది.

బొమ్మ తీసిన కాగితం

యంత్రవిద్య అంటే పొగగొట్టాలే కాదు. మనిషిని గుర్తుపట్టే విద్య కూడా యంత్రవిద్యే. ఇందులో మన ద్వీపం లోకానికి చాలా ముందున్నది.

1867లో ఇక్కడ చేసిన చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన 'పాత వలసదారు' తన ఫొటో అంటించిన టికెట్టును ఎల్లప్పుడు వెంట ఉంచుకోవాలి. ఫొటో విద్య పుట్టి అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఇతర దేశాలలో ధనికులు ముచ్చటపడి ఫొటోలు తీయించుకొంటున్న కాలంలో, ఇక్కడ కూలీ ముఖాన్ని పోలీసు గుర్తుపట్టడానికి అదే విద్యను వాడారు. టికెట్టు లేనివాడు దేశదిమ్మరి, అంటే నేరస్థుడు.

ఇప్పుడు రాబిగ్‌కు రండి. సౌదీలో పనిచేసే విదేశీయుడి దగ్గర ఇఖామా ఉండాలి. దానికి వేలిముద్రలు, ముఖచిత్రం జతపడి ఉంటాయి. దేశం విడిచి వెళ్ళి రావడానికి అనుమతి చాలాకాలం యజమాని చేతిలోనే ఉండేది. ఆ అనుమతిని ఆయన 'అబ్షెర్' అనే ప్రభుత్వ సాధనంలో ఫోను మీదనే ఇవ్వగలిగేవాడు, ఇవ్వకుండా ఉండగలిగేవాడు. కార్మికుడు పారిపోయాడని యజమాని నమోదు చేస్తే దానిని 'హురూబ్' అంటారు. ఆ ఒక్క నమోదుతో కష్టపడి పనిచేసినవాడు కూడా చట్టం ముందు దోషి అయ్యేవాడు. 1867 నాటి టికెట్టును చింపాలంటే దొర గుర్రమెక్కి రావాలి. ఇక్కడ మీట నొక్కితే చాలు. విజ్ఞానం పెరిగింది, దూరం తగ్గింది, తాడు మాత్రం తాడుగానే ఉన్నది.

2021 మార్చి 14 నుండి అక్కడి ప్రభుత్వం మార్పులు తెచ్చింది. ప్రయివేటు రంగ కార్మికుడు కొన్ని షరతులతో ఉద్యోగం మారవచ్చు, దేశం విడిచి వెళ్ళిరావడానికి అదే అబ్షెర్‌లో తానే దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడ మా వాదానికి గొప్ప సాక్ష్యం ఉన్నది. యంత్రం మారలేదు, ఫోను మారలేదు, తెర మారలేదు. మీట ఎవరి వేలి క్రింద ఉండాలి అన్నది మారింది. అది యంత్రజ్ఞుల నిర్ణయం కాదు, చట్టం నిర్ణయం. కాని ఆ 2021 మార్పులు ఇళ్ళలో పనిచేసేవారికి, సొంత కార్ల డ్రయివర్లకు, తోటమాలులకు, పశువుల కాపరులకు, పొలం కూలీలకు వర్తించలేదు. మన జిల్లాల నుండి వెళ్ళే ఆడవారిలో ఎక్కువమంది ఇంటిపనికే వెళతారని గుర్తుంచుకోవాలి. యంత్రం అందరి చేతిలోకీ వచ్చింది, మీట కొందరి చేతిలోకే వచ్చింది.

ఈ కథకు మరొక మలుపు ఉన్నది. 1871లో అడోల్ఫ్ దె ప్లెవిట్జ్ సాయంతో 9,401 మంది పాత వలసదారులు పోలీసుల వేధింపు మీద అర్జీ పెట్టుకొన్నారు. దాని ఫలితంగా 1872లో విచారణ సంఘం వచ్చింది, 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. ఏ టికెట్టుతో తమను కట్టారో ఆ టికెట్టునే సాక్ష్యంగా చూపి వారు న్యాయం అడిగారు. నాడు పోలీసు కోసం తీసిన ఆ ఫొటోలు ఈనాడు మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. మన ఇళ్ళలో చాలామందికి ముత్తాత ముఖం చూడాలంటే అదొక్కటే దారి. బంధించడానికి తీసిన బొమ్మ బంధుత్వానికి ఆధారమయింది.

ఇది చూసి కొందరు, "చూశారా, యంత్రం చెడు చేసినా చివరికి మంచే మిగిలింది" అనవచ్చు. ఆ ఓదార్పును మేము అంగీకరించము. ఆ బొమ్మ మనకు ఉపయోగపడడానికి నూరేళ్ళు పట్టింది. బొమ్మలోని మనిషికి అది ఉపయోగపడలేదు. సాంకేతిక విద్య మంచిదా కాదా అని మునిమనుమలను అడిగి ప్రయోజనం లేదు, ఆ విద్య క్రింద నిలబడినవాడిని అతడి జీవితకాలంలోనే అడగాలి.

దారపు కథ

వరమూ బూడిదా ఎట్లా విడిపోతాయో చూడడానికి ఒక దారాన్ని పట్టుకొని వెళదాము. పెట్రో రాబిగ్ తయారుచేసే రసాయనాలలో ఇథిలీన్ గ్లైకాల్ ఒకటి. పాలియెస్టర్ దారానికి అది ముడిసరుకు. తెలంగాణలోని సిరిసిల్ల పవర్‌లూమ్‌ల ఊరు. చేతిమగ్గాన్ని మరమగ్గం వెనక్కు నెట్టింది. పెద్ద మిల్లుల పోటీ వచ్చాక మరమగ్గం నడిపేవాడికీ బతుకు బరువయింది. కొందరు భివండికి, కొందరు సూరత్‌కు, మరికొందరు గల్ఫ్‌కు దారిపట్టారు. అప్పులపాలై ప్రాణం తీసుకొన్నవారూ ఉన్నారు. 2017 నుండి కొన్ని సంవత్సరాలు రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరలను అక్కడ నేయించి పని కల్పించింది. ఆ చీరలు పాలియెస్టర్ చీరలు.

రాబిగ్‌లో పుట్టిన రసాయనమే సిరిసిల్ల దారం అయిందని మేము చెప్పడం లేదు. దారి ఎట్లా ఉన్నదో చూడమంటున్నాము. ముడిసరుకు ఎడారి నుండి ఏ అనుమతీ కోసం కాచుకోకుండా రేవు దాటుతుంది. 2021 లెక్కలో లోకంలోకెల్లా సమర్థమైనదనిపించుకొన్న రేవు దానిని గంటల లెక్కన ఓడకెక్కిస్తుంది. ఆ సరుకును తయారుచేసే ఆవరణలను కట్టిన మనిషి మాత్రం ఇంటికి పోవడానికి నెలల తరబడి కాగితం కోసం ఎదురుచూసిన కాలం ఉన్నది. సరుకుకు ఉన్న స్వేచ్ఛ మనిషికి లేకపోవడమే మన కాలపు యంత్రతత్త్వం. దానిని ఏ తత్త్వవేత్త పరిభాషతోనూ అందంగా చెప్పనక్కరలేదు.

రాబోయే కాలం

ఇప్పుడు కృత్రిమ మేధ అనే కొత్త వరం వచ్చింది. వ్రాసే యంత్రాలు, చూసే యంత్రాలు, తీర్పు చెప్పే యంత్రాలు వస్తున్నాయి. అవి మనిషిని మించిపోతాయా అని పెద్దలు తర్కిస్తున్నారు. ఆ తర్కం ఆసక్తికరమే. కాని రాబిగ్ వంటి చోట ప్రశ్న వేరు. వీసా ఇవ్వవచ్చునా, ఈ కార్మికుడు నమ్మదగినవాడా, ఇతని జీతంలో కోత సరైనదేనా అని రేపు యంత్రమే నిర్ణయిస్తే, "ఎందుకు?" అని అడగడానికి కిటికీ ఎక్కడ ఉంటుంది? నాటి తోటలో కనీసం సర్దారు పేరు తెలుసు. తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉన్నాడు. యంత్రం తీర్పు చెప్పినప్పుడు ముఖం ఉండదు. జవాబు చెప్పేవాడు లేని అధికారం కంటె ప్రమాదకరమైన యంత్రాన్ని ఎవరూ ఇంకా కనిపెట్టలేదు.

ఇంకొకటి. కొలిమి ముందు, ఎండలో, ఎత్తులలో మనిషి చేసే ప్రమాదకరమైన పనిని యంత్రం చేస్తానంటే మేము కాదనము. ఆ పని పోవాలి. కాని పని పోయినప్పుడు పనివాడు ఏమవుతాడు అన్న లెక్క యంత్రం కొనేనాడే వ్రాయాలి. లేకపోతే మన రాళ్ళగుట్టల కథే మళ్ళీ జరుగుతుంది.

కాబట్టి, ఏ కొత్త యంత్రం వచ్చినా అది గొప్పదా చెడ్డదా అని తొందరపడకుండా మూడు ప్రశ్నలు అడగాలని మా సూచన. దీనిని ఆపే మీట ఎవరి చేతిలో ఉన్నది? ఇందులో లెక్కించేవాడెవడు, లెక్కకు ఎక్కేవాడెవడు? ఇది తప్పు చేస్తే ఎవరి భాషలో, ఏ మనిషికి ఫిర్యాదు చెప్పుకోవాలి? ఈ మూడింటికి జవాబు దొరికిన యంత్రం ఎంత పెద్దదైనా భయపడనక్కరలేదు. జవాబు లేనిది జేబులో పట్టేంత చిన్నదైనా జాగ్రత్తపడాలి.

ఈ ప్రశ్నలు ఎడారికి మాత్రమే పంపవలసినవి కావు. మన ద్వీపంలోని బట్టల మిల్లులలో బంగ్లాదేశ్ నుండి, ఇతర దేశాల నుండి ఒప్పందం మీద వచ్చిన కార్మికులు ఉన్నారు. వారూ వసతిగృహాలలో ఉంటున్నారు, వారి కాగితమూ యజమాని పేరుతో ముడిపడి ఉన్నది. ఆ మిల్లులలో గుమాస్తాలుగా, మేనేజర్లుగా పనిచేసేవారిలో మన పిల్లలూ ఉండవచ్చు. ఒకప్పుడు టికెట్టు చూపిన చెయ్యి ఇప్పుడు టికెట్టు అడిగే చెయ్యి కావడం చరిత్రలో కొత్త కాదు. అక్కడ మూడు ప్రశ్నలూ ముందుగా అడగవలసినది మనమే.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గల్ఫ్ ఒప్పందాలలోని షరతులు, అబ్షెర్ వంటి సాధనాలను వాడే తీరు, ఫిర్యాదు చేసే దారి, ఇవన్నీ చక్కని తెలుగులో, చదవలేనివారికి వినిపించే రూపంలో ఉండాలని ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలను మన సంఘాలు కోరవచ్చు. ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూరులోను, 1990లో మన ద్వీపంలోను జరిగాయి. అటువంటి వేదిక మీద భాష గొప్పతనాన్ని కీర్తించినంత సేపు, ఆ భాషలో ఒక కార్మికుడు తన ఒప్పందాన్ని చదువుకోగలుగుతున్నాడా అని కూడా అడగవచ్చు. మన యువకులు మోకాలో ముత్తాత బొమ్మ వెతికి ఇంటికి తెచ్చుకొన్నప్పుడు, దాని క్రింద ఉన్న సంఖ్యను కూడా చదివి, ఆ సంఖ్య ఎందుకు వేశారో పిల్లలకు చెప్పవచ్చు.

1871లో అర్జీ మీద సంతకం పెట్టిన 9,401 మందికి తత్త్వశాస్త్రం తెలియదు. కాని తమ ముఖాన్ని తీసిన యంత్రం మీద తమకు ఒక మాట ఉండాలని వారికి తెలుసు. యంత్రయుగంలో మనిషి భవిష్యత్తు గురించి ఇంతవరకు వచ్చిన తత్త్వమంతటిలో ఆ అర్జీ కంటె విలువైనది మాకు కనిపించలేదు.